ఊపిరి మిగిలిపోయే పిల్ల

యున్‌రూని మొదటిసారి చూసినప్పుడు ఆ పిల్లకి పంటినొప్పి అనుకున్నాను. బ్రిస్బేన్‌లో, సన్నీబ్యాంక్ పేటలో బబుల్ టీ కొట్టు వెనక, కార్ పార్కు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఒంటిమీద కొట్టువాళ్ళ ఏప్రన్, పెదాల మధ్య పుల్లలాంటిదేదో. పన్ను సలుపుతుంటే లవంగం బిగపట్టుకుని కూర్చునే మొహం సరిగ్గా అలాగే ఉంటుంది. నేను ముసలివాళ్ళని చూసుకునే ఏజ్డ్ కేర్ హోమ్‌లో పనిచేస్తాను. ఎవరి నొప్పైనా సరే, నాకెందుకులే అనుకుని పక్కనుంచి వెళ్ళిపోవడం నా వల్ల కాదు. దగ్గరికి వెళ్ళి, డెంటిస్టుకి చూపించుకున్నావా అని దబాయించినట్టే అడిగాను.

ఆ పిల్ల నోట్లోది తీసి నవ్వింది. రెండు సన్నటి రెల్లు బద్దల్ని దారంతో బిగించి కట్టిన చిన్న పీక అది. "నో నో ఆంటీ, టీత్ ఆల్ గుడ్. దిస్ ఈజ్ ఫర్ మై ఓబో," అంది. పీక తడిస్తేనే పలుకుతుందట. షిఫ్టు అవగానే ప్రాక్టీసుకి పరిగెత్తాలి కాబట్టి ముందుగానే నోట్లో నానబెట్టుకుంటుందట. ఓబో అంటే ఏమిటో నాకు తెలియదు. ఫోన్‌లో బొమ్మ చూపించింది. వెండి మీటలు బిగించిన నల్లటి సన్నాయి.

ఆ రోజు మొదలు, నాకు అరగని తీపి టీ కోసం వారానికోసారి ఆ కొట్టుకి వెళ్ళడం అలవాటైంది. టీ కోసం కాదని మా ఆయనకి కూడా తెలుసు.

వాళ్ళది తైవాన్‌లో చియాయి అనే ఊరు. నాన్నది చిన్న హోటలు, అన్నం మీద టర్కీ కోడి మాంసం పరిచి అమ్ముతాడు. ఆ ఊరికి బ్యాండు పిచ్చి. యున్‌రూ చదివిన బళ్ళో వాయిద్యాలు పంచిన రోజున ఫ్లూట్ల కోసం ఆడపిల్లలు కొట్టుకున్నారట, డ్రమ్ముల కోసం మగపిల్లలు. హోటల్లో గిన్నెలు కడిగి ఆలస్యంగా వెళ్ళిన ఈ పిల్లకి ఎవరికీ అక్కర్లేని ఓబో మిగిలింది. మొదట్లో దాని గొంతు బాతు అరిచినట్టుండేదనీ, నాన్న గిరాకీ పోతుందని వెనక సందులోకి పంపేవాడనీ చెప్పి తనే పడీపడీ నవ్వింది. బ్రిస్బేన్‌కి యూనివర్సిటీలో సంగీతం చదవడానికి వచ్చింది. చదువైపోయింది. ఇప్పుడు పొద్దున్న టీ కొట్టులో సగ్గుబియ్యం ఉండలు ఉడకేస్తుంది, మధ్యాహ్నం రెల్లు చెక్కుతుంది. ఒకసారి తను బృందంతో కలిసి ఉండే అద్దె ఇంటికి వెళ్ళాను. భోజనాల బల్ల నిండా చిన్న కత్తులు, దారాలు, రెల్లు పొట్టు. పళ్ళెం పెట్టుకోవడానికి జాగా లేదు. "మరెక్కడ తింటారే?" అంటే నిలబడే తింటారట.

వాళ్ళు ఐదుగురు. ఫ్లూటు, ఓబో, క్లారినెట్, బసూన్, కొమ్ము. అందరూ తైవాన్ పిల్లలే, పాతికేళ్ళు అటూ ఇటూ. పేరు పెట్టుకోవడానికి తెగ తగువులాడుకుని, చివరికి అద్దె ఇల్లున్న పేట పేరుతో సరిపెట్టుకున్నారు, రన్‌కార్న్ క్వింటెట్ అని. పో-యెన్ అనే పొడుగాటి కుర్రాడు తనంత పొడుగు బసూన్ గొట్టం మోస్తాడు. అందర్నీ పోగేసింది, పోట్లాటలు తీర్చేది, కచేరీల కోసం ఊరూరా ఈమెయిళ్ళు రాసేది మాత్రం యున్‌రూయే. నాన్నకి మాట ఇచ్చింది: ఈ బృందం నిలబడితే ఇక్కడ ఉంటాను, చెదిరిపోతే వచ్చేసి హోటల్లో కూర్చుంటాను.

చెదిరిపోయే రోజు దగ్గరకొచ్చింది. చదువు అయ్యాక యూని గదులు వాడుకోనివ్వరు. ఇంట్లో వాయిస్తే పక్కింటాయన కౌన్సిల్‌కి ఫిర్యాదు చేశాడు. కొన్నాళ్ళు పార్కులో వాయించారు, గాలికి కాగితాలు ఎగిరాయి. హాళ్ళ అద్దెలు వాళ్ళకి అందేవి కావు. ఒక వారం టీ కొట్టుకి వెళ్తే యున్‌రూ నవ్వలేదు. కలిసి వాయించే చోటే లేకపోతే ఇక్కడుండి ఏం లాభమని పో-యెన్, కొమ్ము ఊదే అమ్మాయి వెళ్ళిపోదామంటున్నారట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఐదుగురు పిల్లలు ఊదుకోవడానికి ఇంత పెద్ద ఊళ్ళో ఒక్క గది లేదా?

గది ఉంది. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

కూపర్స్ ప్లెయిన్స్‌లో మా తెలుగు క్రైస్తవ సహవాసానికి ఒక పాత చెక్క హాలుంది. ఆదివారం ఆరాధన తప్ప వారమంతా ఖాళీ. ఊడ్చి తాళం వేసేది నేనే. కానీ ఇవ్వాల్సింది కమిటీ, కమిటీ అంటే జకరయ్య అంకుల్. మంచివాడే. కాకపోతే కుర్చీ ఒక వరసలోంచి ఇంకో వరసలోకి జరపాలన్నా మీటింగు పెడతాడు.

"చూడు ఏసుమణీ, వాళ్ళు మన మెంబర్స్ కాదు. రేపు ఇంకొకళ్ళొచ్చి యోగా క్లాసుకిమ్మంటారు. మన బిలీవర్స్‌కి వీళ్ళవల్ల యూజ్ ఏంటి?" అన్నాడు.

"హాలు ఖాళీగా ఉంటే బిలీవర్స్‌కి యూజ్ ఏంటంకుల్?" అన్నాను.

కాసేపు గడ్డం నిమురుకుని, కోతపండుగ ఆదివారం ఆరాధనలో సంఘంతో కలిసి ఒక్క కీర్తన వాయించమన్నాడు. సంఘం సంతోషపడితే మంగళ, గురువారాలు హాలు వాళ్ళది. లేకపోతే ఆ మాట ఇంకెత్తకూడదు. నేను సరేనన్నాను. యున్‌రూ అయితే కౌంటర్ దాటి వచ్చి నన్ను కావిలించుకుంది. ఏప్రన్‌కున్న బెల్లం పాకం నా చీరకి అంటుకుంది.

కోతపండుగకి మా వాళ్ళు పెరళ్ళలో పండిన సొరకాయలు, మునక్కాయలు, అరటిగెలలు తెచ్చి బలిపీఠం ముందు పేరుస్తారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ రోజు పాడే కీర్తన ఒకటుంది. అది సరిగ్గా వచ్చింది కోటమ్మగారికే. రేపల్లె దగ్గర పల్లెటూరి మనిషి, ఇక్కడ కూతురి దగ్గర ఉంటుంది, నేను అత్తా అని పిలుస్తాను. మైకు లేకుండా, పుస్తకం లేకుండా ఏళ్ళతరబడి మా హాల్లో పాట ఎత్తింది ఆవిడే. పోయినేడు న్యుమోనియా వచ్చి తగ్గింది కానీ ఊపిరి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. మా కుర్రకారు కీబోర్డులో తాళం మీట నొక్కితే అది ఎవరికోసమూ ఆగదు. ఆవిడ సగం చరణంలో ఉండగానే పాట ముందుకు వెళ్ళిపోయేది. రెండు మూడు వారాలు వెంటపడి చూసి, వెనక వరస కుర్చీలోకి మారిపోయింది. పెదాలు కదుపుతుంది, గొంతు వినపడదు. మేమెవరం ఏమీ అనలేదు. అదే నాకు ఇప్పుడు కష్టంగా ఉంటుంది.

పాట వినిపించమని యున్‌రూని ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"నాకిప్పుడు దమ్ము చాలట్లేదే మణీ. ఆ పిల్లలకి కీబోర్డు పాట వినిపించరాదూ?"

"అది వింటే నిద్రొస్తదత్తా. నువ్వే పాడు, ఎట్టా వస్తే అట్టా."

నాలుగు కాయల ఈనెలు తీసినంతసేపు ఆలోచించి పాడింది. లైను మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంది, మళ్ళీ అందుకుంటుంది. యున్‌రూ ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ ఆవిడ భుజాల వంకే చూసింది. తర్వాత ఓబో తీసి ఆ పాటే మెల్లగా పలికించింది. కోటమ్మగారు చిక్కుళ్ళు పక్కనపెట్టేసింది. "ఓసినీ, ఇది సన్నాయే గదంటే! నా పెళ్ళిలో వాయించారు," అని దాని మీటలన్నీ తడిమి చూసింది.

కారులో యున్‌రూ ఒక సంగతి చెప్పింది. ఫ్లూటు వాళ్ళకి ఊపిరి ఇట్టే అయిపోతుందట. ఓబోకి దారి అతి సన్నం, గాలి పోదు. పాట చివరికి వచ్చేసరికి గుండెల్లో వాడేసిన గాలి నిండిపోయి ఉంటుంది, ముందు అది బయటికి వదిలితే గానీ కొత్తది పీల్చడానికి చోటుండదు. "నా కష్టం ఆవిడ కష్టానికి తిరగేసిన కష్టం ఆంటీ," అంది. ఇంకో మాటా చెప్పింది. ఐదుగురికీ ముందు నిలబడి చేతులాడించేవాడు ఉండడు. మొదలెట్టేవాళ్ళు చప్పుడయ్యేట్టు ముక్కుతో గాలి పీలుస్తారు, మిగతావాళ్ళు దాంతోపాటే పీలుస్తారు. అదే వాళ్ళ తాళం.

కోతపండుగ రోజున హాలంతా అరటిపళ్ళ వాసన. పిల్లలు ఐదుగురూ ఇస్త్రీ చేసిన నల్లబట్టల్లో, సొరకాయల పక్కన బిగుసుకుని కూర్చున్నారు. కోటమ్మగారు వెనక వరసకి పోతుంటే నేను చెయ్యి పట్టుకుని తెచ్చి ముందు కుర్చీలో, యున్‌రూ ఎదురుగా కూర్చోబెట్టాను. "పాడమని అడగొద్దు," అంది. అడగనన్నాను.

మొదటి చరణం గందరగోళం. పిల్లలు కోటమ్మగారి దగ్గర నేర్చుకున్నట్టే ఆగి ఆగి వాయించారు. మా వాళ్ళకి కీబోర్డు పరుగు అలవాటైపోయింది, వాళ్ళ పాటికి వాళ్ళు పాడుకుంటూ పోయారు. సంఘం చరణం ముగించేసరికి పో-యెన్ ఇంకా రెండో లైనులో ఉన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. జకరయ్య అంకుల్ నా వైపు చూసిన చూపు నాకర్థమైంది. కొమ్ము అమ్మాయి తల వంచుకుంది. ఇక అయిపోయింది, ఈ పిల్లలు వెళ్ళిపోతారు అనుకున్నాను. 

యున్‌రూ లేవలేదు. కుర్చీని కొంచెం జరుపుకుని సంఘం వైపు కాకుండా కోటమ్మగారి వైపు తిరిగింది. ఓబో ఎత్తింది. హాలంతా వినపడేట్టు ముక్కుతో గాలి పీల్చి, వాయించకుండా ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

కోటమ్మగారికి ఒక్క ముక్క ఇంగ్లీషు రాదు. కానీ జీవితమంతా పాట ఎత్తిన మనిషి. ఆ గాలి చప్పుడు ఏం అడుగుతోందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తనూ గాలి పీల్చి రెండో చరణం ఎత్తింది. ఐదుగురూ ఆవిడతోపాటే అందుకున్నారు. ఆవిడ ఆగితే ఆగారు, కదిలితే కదిలారు. నవ్వినవాళ్ళు నోరు మూసుకున్నారు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే గొంతు కలిపారు, ఏడాదిగా వినని నడక కదా.

మూడో చరణం సగంలో ఆవిడ ఊపిరి పూర్తిగా చిక్కిపోయింది. మాట మధ్యలో గొంతు తెగిపోయింది. చెయ్యి గుండెమీద పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. సంఘం ఆగింది. ఫ్లూటు ఆగింది, క్లారినెట్ ఆగింది, బసూన్, కొమ్ము కూడా. ఆవిడ ఏ స్వరం దగ్గర వదిలేసిందో ఆ స్వరాన్ని ఓబో మాత్రం వదల్లేదు. సన్నగా, నిలకడగా పట్టుకునే ఉంది. నేను నర్సింగ్ చేసినదాన్ని, ముందు కోటమ్మగారి మొహం చూశాను, తర్వాత యున్‌రూ మొహం చూశాను. ఎర్రగా కందిపోయింది, మెడ నరాలు తేలాయి, కళ్ళు మాత్రం ముసలావిడ మీదే.  కోటమ్మగారు ఒక గుక్క పీల్చింది. చాల్లేదు. ఇంకో గుక్క పీల్చింది. అప్పుడు ఆ స్వరం మీదే తెగిన మాటని అందుకుని చరణం పూర్తి చేసింది.

నేను ఏడ్చాను. దాచుకోను, బాగా ఏడ్చాను. పాట అయిపోగానే యున్‌రూ ఓబో దింపి, ముందు గుండెల్లో నిండిపోయిన గాలంతా 'హు' అని బయటికి వదిలింది. ఆ తర్వాతే పీల్చింది.

ఆరాధన అయ్యాక సొరకాయల వేలం మొదలవబోతుంటే జకరయ్య అంకుల్ మా దగ్గరికి వచ్చాడు. కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. "బాగానే ఉంది. కమిటీలో పెట్టి డిసైడ్ చేద్దాం," అన్నాడు.

కోటమ్మగారు కుర్చీలోంచే, "మణీ, అందరూ ఆపేస్తే తనెందుకు ఆపలేదో ఆ పిల్లని అడుగు," అంది.

అడిగాను. యున్‌రూకి అదొక ప్రశ్నలాగే అనిపించలేదు. "ఆవిడకి ఊపిరి అయిపోయింది. నా దగ్గర మిగిలింది," అంది. తెలుగులో చెప్పాను.

కోటమ్మగారు కొంగు సర్దుకుంది. తర్వాత జకరయ్య అంకుల్ వైపు తిరిగింది. "ఏడాది నుంచి పాట మజ్జెలో నేనాగిపోతే మీరందరూ నన్నొదిలేసి ఎల్లిపోయారయ్యా. నేనేమన్నా అన్నానా? ఈ పిల్లొక్కతే నేనందుకునేదాకా పాట పట్టుకునుంది. దీన్ని ఏడకి పొమ్మంటావు?"

అంకుల్ కళ్ళజోడు పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.  చివరికి నా హ్యాండ్‌బ్యాగు వైపు చెయ్యి చూపించాడు.

తాళంచెవి తీసి యున్‌రూకి ఇచ్చాను. వాళ్ళ పద్ధతి ప్రకారం రెండు చేతులతో అందుకుంది. పెట్టుకోవడానికి ఆ నల్లబట్టలకి జేబు లేదు. కోటమ్మగారు దాన్ని తీసుకుని, తన కొంగు అంచు నుంచి చించిన పీలికకి గుచ్చి, ఆ పిల్ల మెడలో వేసింది.