ప్రత్యేక రాజ్యం, ఉమ్మడి బల్ల

మా ఇంటికి కంప్యూటర్ కొత్తగా రాలేదు, రిటైరై వచ్చింది. మెదక్ బస్టాండు దగ్గర మా చిన్నాయనకు ఇంటర్నెట్ షాపు ఉండేది. అక్కడ ఏళ్ళ తరబడి హాల్ టికెట్లూ పెళ్ళి పత్రికలూ ప్రింట్ తీసి తీసి అలసిపోయిన ఒక పెట్టెను, ఇంటర్ చదివే మా అన్నకు ఎంసెట్‌కు పనికొస్తుందని ఆటోలో వేసి పంపించాడు. ఎంసెట్‌కు అదెట్లా పనికొస్తుందో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. దాంతోపాటు, ఖాళీ చేయనని మొండికేసిన కిరాయిదారుడిలా ఒక ఆట కూడా మా ఇంట్లోకొచ్చింది.

పాతకాలపు రాజ్యాలు కట్టే ఆట అది. మొదలుపెట్టగానే ఒక పెద్ద ఇల్లు, దాని ముందు ముగ్గురు మనుషులు, కొన్ని గొర్రెలు, చుట్టూ అంతా నలుపు. మనిషిని ఎటు నడిపిస్తే అటు నలుపు తొలగిపోయి చెట్లు, వాగులు, జింకలు బయటపడతాయి. కట్టెలు కొట్టించాలి, పొలాలు వేయించాలి, బంగారం తవ్వించాలి, గోడలు కట్టాలి. ఆ నలుపులోనే ఎక్కడో మనలాగే పెరుగుతున్న శత్రువు మన మీద పడకముందే మనమే వెళ్ళి వాడి మీద పడాలి. ఇంతే ఆట. ఈ ఇంత దానికోసం మేం అన్నం చల్లార్చుకునేవాళ్ళం, స్నానం ఎగ్గొట్టేవాళ్ళం, తలుపు కొట్టిన చుట్టాన్ని బయటే నిలబెట్టేవాళ్ళం.

అందులో ఏముందని ఇప్పటికీ అడుగుతారు. నా మటుకు నాకు తెలుసు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. తొమ్మిదో తరగతి ఆడపిల్ల మాటకు మా ఇంట్లో ఎంత విలువుండేదంటే, ఫ్యాన్ వేయమని నేనంటే అప్పటిదాకా తిరుగుతున్న ఫ్యాన్ కూడా ఆపేసేవాళ్ళు. ఈ ఆటలో మాత్రం మనిషిని నొక్కి చెట్టును చూపిస్తే చాలు, వాడు అర్థం కాని భాషలో ఏదో ఒక ముక్క అని, గొడ్డలి భుజాన వేసుకొని పోతాడు. ఎందుకని అడగడు. తర్వాత చేస్తాననడు. ఆ రుచి తెలిసిన పిల్లను మళ్ళీ మామూలు పిల్లగా చేయడం ఎవరి తరమూ కాదు.

ఇంకొకటి కూడా ఉంది. మా సోషల్ పుస్తకంలో రాజులు యుద్ధాలు చేసేవాళ్ళు, గెలిచేవాళ్ళు, చెట్లు నాటించేవాళ్ళు. వాళ్ళ సైన్యానికి అన్నం ఎవరు పెట్టారో ఒక్క పాఠంలోనూ రాసి ఉండేది కాదు. ఈ ఆటలో గింజలు లేకపోతే ఒక్క సిపాయి కూడా పుట్టడు. అది తెలిశాక మా ఊరి ఖిల్లా నాకు వేరేగా కనిపించింది. అంతకుముందు ఆదివారం పూట ఎక్కి మరమరాలు తిని దిగొచ్చే గుట్ట అది. తర్వాత దర్వాజా దగ్గర దారి ఎందుకు వంకర తిరిగిందో, నీళ్ళు ఎక్కడ నిలవ చేశారో, గింజలు ఎక్కడ దాచారో వెతికేవాళ్ళం. ఈ మూల మీద విలుకాండ్లను పెడితే చాలని నేను, చాలదని అన్న, మధ్యలో ఫొటోలు దిగడానికి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి పక్కకు జరగడం.

గొడవ మౌస్ దగ్గర మొదలైంది. కుర్చీ అన్నకే, మౌస్ అన్నకే. నాకు ప్లాస్టిక్ స్టూలూ, కీబోర్డులో కొన్ని మీటలూ దక్కాయి. పని లేకుండా నిలబడ్డ మనిషిని వెతికి చూపించే మీట ఒకటుండేది, అది నాది. అంటే పొలాలు, కట్టెలు, గొర్రెలు, ఆకలి నావి. యుద్ధాలు ఆయనవి. నేను ఒక్కో మనిషినీ పేరుపేరునా కనిపెట్టుకొని గింజలు కూడబెట్టేదాన్ని. సగం కూడగానే అన్న వాటితో గుర్రాలు కొనేసేవాడు. ఆ గుర్రాలు ఊరేగింపుగా వెళ్ళి శత్రువు కోట కింద చచ్చేవి. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో నాకు తెలుగు మాస్టారు చెప్పనక్కర్లేకపోయింది. గెలిస్తే అన్న గెలిచినట్టు, ఓడితే నేను గింజలు తక్కువ చేసినట్టు.

మా అమ్మది పాపన్నపేట దిక్కు వ్యవసాయం ఇల్లు. బియ్యం చెరుగుతూ వచ్చి వెనక నిలబడి ఆ పొలాలు చూసేది. ఏడాది పొడుగునా పచ్చగానే ఉండడం ఆమెకు మింగుడు పడలేదు. బోరు ఎక్కడుంది, కాల్వ ఎక్కడుంది, అంత మడికి ఒక్క మనిషి ఎట్లా సరిపోతాడు అని అడిగేది. నాటు లేదు, కలుపు లేదు, ఇదేం పంట అని అన్నను నిలదీసేది. పంట సంగతి చెల్లెను అడగమని అన్న తెర మీంచి కన్ను తిప్పకుండా అనేవాడు.

అది ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యోగులంతా సమ్మెకు దిగిన ఏడు. బళ్ళు మూతపడ్డాయి, బస్సులు డిపో దాటలేదు, కరెంటు వచ్చినప్పుడు వచ్చేది. మా బాపు, అంటే మా నాన్న, సర్కారు దఫ్తర్లో గుమస్తా. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకొని, ఆఫీసుకు పోయే వేళకే పోయి, చౌరస్తాలో వేసిన టెంటులో కూర్చొనేవాడు. సాయంత్రం వచ్చి అక్కడి ఉపన్యాసాలన్నీ మాకు అప్పజెప్పేవాడు. మన నీళ్ళు ఎటు పోతున్నాయి, మన నౌకరీలు ఎవరు చేస్తున్నారు, కష్టం ఎవరిది, అనుభవించేది ఎవరు. అన్న కూర దిక్కు చూస్తూ తినేవాడు. నేను మాత్రం ముద్ద చేతిలో పట్టుకొని వినేదాన్ని. బాపు చెప్తున్నది నా స్టూలు సంగతే కదా అనిపించేది.

మరునాడే నా డిమాండ్ పెట్టాను. నాకు నా రాజ్యం వేరే కావాలి, సగం రోజు మౌస్ నా చేతిలో ఉండాలి. అన్న నవ్వాడు. బాపు ఇంకా ఎక్కువ నవ్వాడు.

"అన్నాచెల్లెండ్లు విడిపోవుడేంది బిడ్డ? కలిసుంటెనే ముద్దు," అన్నాడు బాపు.

పొద్దంతా టెంటులో కూర్చొని వచ్చిన మనిషి అనాల్సిన మాటేనా అది? నాకు ఒళ్ళు మండిపోయింది. ఉద్యమానికి దిగాను. ఉద్యమం ఎట్లా చేయాలో ఆ రోజుల్లో మెదక్‌లో ఎవరికీ నేర్పించాల్సిన పని లేదు. కంప్యూటర్ గది గడపలో అడ్డంగా కూర్చొని రాస్తారోకో చేశాను. అన్న నన్ను దాటుకొని వెళ్ళి ఆట మొదలుపెట్టాడు. ఆమరణ నిరాహార దీక్ష ప్రకటించాను. అమ్మ ఆ రోజే సర్వపిండి చేసింది. పల్లీలు, నువ్వులు వేగే వాసనకు ఏ దీక్ష నిలుస్తుంది? తినేసి, దాన్ని రిలే దీక్షగా మార్చాను. టిఫిన్ నుంచి పగటి అన్నం దాకా ఒక జట్టు, అన్నం నుంచి రాత్రి భోజనం దాకా రెండో జట్టు. రెండు జట్లలోనూ నేనే.

వీటికెవరూ చలించలేదు. చివరికి పనికొచ్చింది సహాయ నిరాకరణ. స్టూలు మీద చేతులు కట్టుకొని కూర్చున్నాను, ఒక్క మీట నొక్కలేదు. అన్న రాజ్యంలో కట్టెలు కొట్టేవాళ్ళు చెట్టు అయిపోయాక ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. పొలాలు బీడు పడ్డాయి. శత్రువు వచ్చేసరికి అన్న దగ్గర మిగిలింది రెండు గొర్రెలు. నన్ను ద్రోహి అన్నాడు. ఆ మాటకు నేను గర్వపడ్డాను.

అప్పుడు బాపు, పెద్దవాళ్ళు చేసే పనే చేశాడు, కమిటీ వేశాడు. కమిటీ అంటే చిన్నాయన. షాపుకు కరెంటు లేక ఆయనా ఖాళీగానే ఉన్నాడు. మంచం మీద బాసింపట్టు వేసుకొని, చాయ మీద చాయ తాగుతూ మా ఇద్దరి వాదనలూ విని నివేదిక ఇచ్చాడు. ఇప్పుడున్నట్టే ఉండొచ్చు. మౌస్ అన్నకు ఉంచి, గుర్రాలు కొనే ముందు చెల్లెను అడగొచ్చు. విడదీసి, బల్లనూ కుర్చీనీ మాత్రం ఉమ్మడిగా ఉంచొచ్చు. ఇవేవీ కుదరకపోతే కంప్యూటర్‌ను తిరిగి షాపుకు తీసుకుపోవచ్చు. అన్నీ మంచివే, అన్నిటికీ చిక్కులున్నాయి, మీరే ఆలోచించుకోండ్రి అని చెప్పులు వేసుకొని వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకు టీవీలో ఉమ్మడి రాజధాని అనే మాట విన్నప్పుడు మా ఇంట్లో అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

నివేదిక అటకెక్కింది. నేను అలిగి మూల కూర్చున్నాను. ఇంక ఈ జన్మలో మౌస్ నా చేతికి రాదని నిజంగానే ఏడుపొచ్చింది. బాపు అన్నం దగ్గర కూర్చొని ఆ రోజు ఉపన్యాసం మొదలుపెట్టాడు. పప్పు వడ్డిస్తున్న అమ్మ గరిటె ఆపింది.

"ఇంట గెలిచి రచ్చ గెల్వాలంటరు," అన్నది. "టెంటుల నువ్వు అడిగేదే ఇంట్ల నీ బిడ్డ అడుగుతున్నది. ఆడ జిందాబాద్, ఈడ ముర్దాబాదా?"

బాపు మజ్జిగ కూడా పోసుకోకుండా లేచాడు. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ తీర్పు చెప్పాడు. పొద్దటి పూట అన్నకు, పగటి అన్నం తర్వాత నాకు. కరెంటు కోతలు మా గల్లీలో ఎక్కువగా ఏ పూట ఉంటాయో బాపుకూ తెలుసు, అన్నకూ తెలుసు. విభజనలో అన్యాయం అప్పుడే మొదలైంది. అయినా నేను ఒప్పుకున్నాను.

నా పట్టాభిషేకం రోజు కరెంటు ఉంది. కుర్చీ ఎత్తుగా ఉండి కాళ్ళు సరిగ్గా అందలేదు గానీ మౌస్ నా గుప్పిట్లో ఉంది. వెనక అమ్మ. పక్కన, ఎప్పుడు ఓడిపోతానా అని కాచుకొని కూర్చున్న అన్న. టెంటు నుంచి ఆ రోజు తొందరగా వచ్చిన బాపు మంచం మీద పేపర్ చదువుతున్నాడు. అసలు చదవడం లేదని నాకు తెలుసు, ఎంత సేపటికీ పేజీ తిప్పడం లేదు.

నా రాజ్యం ముచ్చటగా ఉండింది. పొలాలు గెట్లు గీసినట్టు వరసగా వేశాను. ఒక్క మనిషి ఖాళీగా లేడు. అమ్మ కూడా ఇప్పుడు జర వ్యవసాయంలా ఉందన్నది. ఊరి చుట్టూ గోడ కట్టించాను, అంత చక్కటి గోడ అన్న జన్మలో కట్టలేదు. బంగారం గని ఆ గోడకు బయట ఉండిపోయిందని తర్వాత చూసుకున్నాను. సిపాయిలను మాత్రం చేయలేదు. చేయాలని తోచలేదు. యుద్ధం ఎప్పుడూ నా శాఖ కాదు. ఏ సిపాయి దేని మీదికి పోతాడో, గుర్రాన్ని ఏది ఆపుతుందో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకే తెలుసు, నన్నెన్నడూ కూర్చోనిస్తే కదా.

శత్రువు వచ్చాడు. గని దగ్గరివాళ్ళు ముందు పోయారు. తర్వాత గోడ పోయింది. పొలాల్లో నా మనుషులు పారలు పట్టుకొని గుర్రాలకు ఎదురు పోతుంటే నేను ఏ మీట నొక్కాలో తెలియక అన్నీ నొక్కాను. ఓడిపోయావని తెర మీద పెద్ద అక్షరాలు వచ్చాయి. అమ్మ నా తల మీద చెయ్యి వేసింది.

అన్న కుర్చీ వెనక్కు వచ్చి నిలబడ్డాడు. "నేను ముందే చెప్పిన. దీనికి ఏలుకునుడు చేతనైతదా? ఎవలన్న ఏలి పెడితే తింటది," అన్నాడు.

మంచం మీద పేపర్ చప్పుడైంది. బాపు లేచి వచ్చాడు. కొడతాడేమోనని అన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. కొట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

"గా మాట అనకురా," అన్నాడు. "ఇంకేమన్న అను. గా మాట మాత్రం అనకు. నౌకరిల చేరిన కాన్నుంచి వింటున్న నేను. నా రాత చూసి, నా మాట చూసి, మీకేం చేతనైతదని నవ్వేటోళ్ళు. మల్ల గిప్పుడు నా ఇంట్ల వినాల్నా?"

ఆఫీసులో ఎవరైనా తనను చూసి నవ్వారని మా బాపు అంతకుముందు ఎన్నడూ చెప్పలేదు. టెంటు ఉపన్యాసాల్లో కూడా ఆ ముక్క మాకు అప్పజెప్పలేదు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో చూసిన మనిషిని మొదటిసారి చూసినట్టు చూశాను. అన్న తల వంచుకున్నాడు. నాకు ఓడిపోయిన బాధ పోయి, ఇంకేదో పెద్ద బాధ వచ్చింది.

బాపు నా దిక్కు తిరిగాడు. "మల్ల మొదలుపెట్టు బిడ్డ," అన్నాడు. "ఓడిపోతె ఓడిపో. నీ రాజ్యం నువ్వే ఓడిపో."

మొదలుపెట్టాను. ముగ్గురు మనుషులు, కొన్ని గొర్రెలు, చుట్టూ నలుపు. బాపు కదలకుండా నిలబడి చూశాడు. ఆ ఆట కూడా ఓడిపోయాను. ఈసారి అన్న ఏమీ అనలేదు.