బొమ్మ వెనక చివరి వరుస

టీ పొడి పొట్లం విప్పగానే లేచే ఘాటుకు ఇప్పటికీ ముఖం పక్కకు తిప్పుకుంటాను. వెంటనే రత్నమ్మగారు గుర్తుకొస్తారు. మహారాష్ట్రలోని చంద్రపూర్ బజారులో ఆమెది కిరాణా దుకాణం. నేను అక్కడ పప్పులు చెరిగేదాన్ని. నలభై దాటిన నాకు అక్షరాలు నేర్పింది ఆమే.

టీ పొట్లాల్లో వచ్చే బొమ్మల అట్టలే నా వాచకం. ముందువైపు పక్షో మృగమో. నెమలి మెడమీది నీలం వేలికి అంటుకుంటుందేమో అనిపించేది. వెనక తెలుగులో నాలుగు వరుసలు. పది రకాల బొమ్మలూ జమచేస్తే కుట్టుమిషన్ బహుమతి. ఆ సరుకు ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చేది. మా బజారులో చదువుకున్నవాళ్ళంతా మరాఠీ చదివినవాళ్ళే. ఆ వెనకవైపు చదవగలిగింది రత్నమ్మగారు, ఆ తర్వాత నేను.

"బియ్యంల మట్టిబెడ్డను దొరకవడ్తవు, గింత అచ్చరం దొరకవట్టవా లస్మీ?" అనేవారు.

టీవీలో చూపించే మెరుపు పొట్లాలు వచ్చాక మా టీ ఎవరూ అడగలేదు, బామ్ని ఊరి పోశక్క తప్ప. చేత్తో జాకెట్లు కుట్టేది. మిషన్ వస్తే కూలి మానేస్తానని ఆశ. తొమ్మిది బొమ్మలు దొరికాయి, పులి దొరకలేదు. ఒకరోజు అట్టలన్నీ నా ముందు పరిచింది.

"నీకు తెలుగు చదువొచ్చిందట గద, వదినా. ఎనక ఏం రాసిన్రో సూడు. మా ఆయనకు మరాఠీయే వస్తది."

లోలోపల కూడబలుక్కున్నాను. చివరి వరుసలో గడువు ఉంది. అది దాటి ఏడాదైంది. రోజూ దిద్దిన అట్టలే. ఆ వరుస దాకా రత్నమ్మగారు నన్ను ఎన్నడూ తీసుకుపోలేదు.

తలెత్తితే గల్లా దగ్గర రత్నమ్మగారు నన్నే చూస్తున్నారు.

"సదువు లస్మీ, సిగ్గెందుకు?" అన్నారు మెత్తగా.

"పది బొమ్మలు తెస్తే మిషన్ ఇస్తరట" అన్నాను.

"గడువు గిట్ల ఏమన్న ఉన్నదా?" అంది పోశక్క.

"లేదు."

పోశక్క ఇంకో రెండు పొట్లాలు కొని అక్కడే విప్పింది. నెమలి, జింక. "మల్ల సంతకు సూద్దాం తీ" అని వెళ్ళిపోయింది.

సాయంత్రం అడిగాను. "ఎరికుండే అమ్ముతున్నరా అమ్మా?"

"సదువు నేర్పింది నన్ను అడగనీకా?" అన్నారు.

ఇవాళ ఏ కాగితం చేతికొచ్చినా చివరి వరుస నుంచే మొదలుపెడతాను. అది ఆమె పెట్టిన భిక్షే, కాదనను. కానీ నేను మరో మనిషికి మొట్టమొదట చదివి వినిపించింది అబద్ధం. చదువు రాని నలభై ఏళ్ళలో అంత అబద్ధం నా నోట రాలేదు.