పలుగురాయి ఎటువైపు

నా పాత కంప్యూటర్ గంటసేపు ఆడగానే వేడెక్కి, లోపలి దుమ్ము కాలి ఒక వాసన వస్తుంది. ఎండకు కాగిన నాపరాయి మీద చెంబుతో నీళ్లు కుమ్మరిస్తే లేచే వాసనకూ దానికీ పోలికేమీ లేకపోయినా, నా ముక్కు మాత్రం ఒకదాని వెంట రెండోదాన్ని పట్టుకొస్తుంది. యాభై దాటిన ఆడమనిషి కాలేజీలో లెక్కలు చెప్పి ఇంటికొచ్చి, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని కంప్యూటర్లో యుద్ధాలు చేస్తుందంటే నరసరావుపేటలో మా వీధివాళ్లకు నవ్వులాటగానే ఉంటుంది. మా క్లాసు పిల్లలు మాత్రం నవ్వరు. "మేడమ్, ఏ గేమ్ ఆడమంటారు?" అని అడుగుతారు. తుపాకీ పట్టుకుని పరుగెత్తే ఆటలు వద్దంటాను. నలుగురైదుగురు సైనికుల చిన్న జట్టును మన చేతికిచ్చి, ఒక్కొక్కరినీ గళ్ల మీద నడిపించమని, మన వంతు అయ్యాక శత్రువు వంతు, మళ్లీ మన వంతు, ఇలా సాగే ఆటలు ఆడమంటాను. ఎవరిని గోడ చాటున నిలబెట్టాలో, ఎవరిని ముందుకు పంపి ఎవరిని కాపాడుకోవాలో నిదానంగా ఆలోచించుకోవచ్చు, తొందరపెట్టేవాళ్లుండరు, మన వంతు వచ్చిందని చెప్పి ఆ ఆట అలాగే కూర్చుంటుంది, మనం అన్నం తినొచ్చినా నిద్రపోయి లేచినా కదలదు. ఇది వాళ్లకు చెప్పే కారణం. అసలు కారణం మా ఊళ్లో రెండిళ్ల మధ్య గోడ మీద ఉండేది.

మా ఊరు వెల్దుర్తికి ఆవల, మెట్ట పొలాల మధ్యన. అక్కడ ఇంటికి కావలసినవన్నీ నాపరాయితోనే అయ్యేవి. నేలకు నాపరాయి, జాలాట్లో బట్టలుతకడానికి నాపరాయి, గోడకైతే మట్టి కూడా లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చిన నాపరాళ్లే. మా ఇంటికీ పక్కింటి కోటయ్య తాత ఇంటికీ మధ్యన అలాంటి గోడ, నా గుండెల ఎత్తున ఉండేది. కోటయ్య తాత మాకు చుట్టమేమీ కాదు, వీధి వరస. భార్య పోయింది, కొడుకు మాచర్లలో ఉండేవాడు, తాతకు తోడు గౌరి అనే గేదె. క్వారీల్లో రాళ్లు కొట్టీ కొట్టీ ఛాతీ నిండా దుమ్ము నింపుకుని వచ్చిన మనిషి కాబట్టి, ఆయన ఇంట్లో ఎక్కడున్నాడో దగ్గును బట్టి చెప్పేదాన్ని. నాకు ఏడేళ్లప్పుడు, గోడ మీది వెడల్పాటి పలక మీద ఉలితో పులిజూదం గీశాడు. మూడు పెంకు ముక్కలు పులులు, పదిహేను చింతపిక్కలు మేకలు. పులి మేక మీదుగా దూకితే మేక పోయినట్టు, మేకలన్నీ చేరి మూడు పులులనూ కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. తాత ఎప్పుడూ పులులే తీసుకునేవాడు, చిన్నపిల్లనని ఒక్క ఆట కూడా వదిలేవాడు కాదు. "ఒంటిగా పోయిన మేక బతకదే పిల్లా, ఎనకాల ఇంకో మేకను పెట్టుకోవాల" అని మాత్రం చెప్పేవాడు.

నా పదో ఏట పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా నాన్న ఒక వైపు తిరిగాడు, మా వీధి వీధంతా రెండో వైపు, తాత కూడా. ఎవరు గెలిచారో ఎవరు ఓడారో ఇప్పుడు నాకు అవసరం లేదు, అప్పుడూ లేదు. ఎన్నికలయ్యాక రెండు వైపులకూ మాటల్లేవు. మా ప్రాంతంలో మాటల్లేవంటే ఊరికే అలగడం కాదు, నిప్పు అడగకూడదు, నీళ్లు తాగకూడదు, ఎదురుపడితే తల తిప్పుకోవాలి. నాన్న నా చేయి తన నెత్తిన పెట్టించుకుని, "నా మీద ఒట్టు. ఆ ఇంటోళ్లతో మాట్టాడావంటే నన్ను సంపినట్టే" అన్నాడు. వీధిలో పిల్లలందరూ అవతలివాళ్లే. అచ్చనగాయలాటలో నేను వెళ్లి కూర్చుంటే రాళ్లు ఏరుకుని ఇంకో అరుగు మీదికి వెళ్లిపోయేవాళ్లు. మిరప కోతల కాలంలో అమ్మా నాన్నా చీకటితోనే పొలం పోతే, బడి లేని రోజున నేనూ మా కోడిపెట్టా, అంతే. ఆ వయసులో ఏకాకితనానికి పేరు తెలియదు గానీ, మధ్యాహ్నం చాలా పొడుగ్గా ఉంటుందని తెలుసు.

ఒకరోజు గోడ దగ్గరికి పోయి ఊరికే ఒక చింతపిక్కను గీత మీద పెట్టి వచ్చాను. సాయంత్రానికి ఒక పులి దిగి ఉంది. నాన్న మాట్లాడవద్దన్నాడు గానీ చింతపిక్కలు కదపవద్దనలేదు కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అలా ఏడాది పొడుగునా ఆడాం. ఎవరి వంతో తెలియాలి కాబట్టి తాత కోడిగుడ్డంత తెల్ల పలుగురాయి ఒకటి తెచ్చాడు. ఎత్తు వేసినవాళ్లు దాన్ని అవతలివాళ్ల వైపుకు నెట్టాలి. రాయి మా వైపుంటే నా వంతు, తాత వైపుంటే తాత వంతు. బడి నుంచి వస్తూనే, పుస్తకాల సంచి దించకుండా వసారాలోంచి చూసేదాన్ని. మా వైపు తెల్లగా కనపడితే నాకోసం ఎవరో కూర్చుని ఉన్నట్టే ఉండేది.

మాటల్లేని వాళ్లు చెప్పవలసింది గొడ్డుకో గోడకో చెప్పడం మా ఊళ్లో ఉన్నదే. తాత గౌరికి చెప్పేవాడు. "ఏమే గౌరీ, ఇయ్యాల మేకలు చానా తెలివి మీరినయ్యే." నాకు గేదె లేదు కాబట్టి కోడిపెట్టకు చెప్పేదాన్ని. తొలేకాశి రోజున తాత బెల్లం కలిపిన పేలపిండి ఆకులో పెట్టి పలక మీద ఉంచి, "కాకులు తింటే తింటయ్ లేవే గౌరీ" అని లోపలికి వెళ్లిపోయాడు. నేను కాకినై తిన్నాను. అంత కమ్మటి పేలపిండి మళ్లీ తినలేదు.

మరుసటి ఎండాకాలం మొదట్లో మంచి ఆట నడుస్తోంది. రెండు పులులను కట్టేశాను, మూడోది ఒక్కటే మిగిలింది. నా పదకొండు మేకలూ ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. మొదటిసారి గెలిచేలా ఉన్నాను. వంతు తాతది. ఒక రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి, రాయి తాత వైపు నుంచి కదలలేదు. మూడోనాడు గోడ అవతల నుంచి తాత గొంతు వినిపించింది. "ఇంక సాల్లేవే గౌరీ. ఇష్టం లేని ఆట ఎవురాడతారే."

నాకు ఒళ్లు మండింది. ఓడిపోయే వేళకు ఇష్టం పోయిందా అనుకున్నాను. "వంతు తాతదే" అని కోడిపెట్టతో ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. వసారాలోంచి చూస్తే పావులు కనపడవు, తెల్ల రాయి ఒక్కటే కనపడుతుంది. దగ్గరికి వెళ్లి చూడటం నామోషీ అనుకున్నాను. మా నాన్నకు ఆ వీధి మీద ఎంత పంతమో, నాకు ఆ ముసలాయన మీద అంత పంతం. వేసిన విత్తనమే కదా మొలిచేది. పది పన్నెండు రోజులు అలాగే గడిచాయి. దగ్గు రాత్రింబవళ్లూ వినపడేది, తరవాత నీరసంగా వినపడేది. ఒక పొద్దున మాచర్ల నుంచి కొడుకొచ్చి తాతను ట్రాక్టర్లో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేను వసారాలో స్తంభం పట్టుకుని నిలబడి చూశాను. తాత ఇటు తల తిప్పాడు. ఒట్టు గుర్తొచ్చి నేను తల దించుకున్నాను.

నాలుగో రోజున శవం వచ్చింది. చావుకు పంతాల్లేవంటారు మా వైపు. మా నాన్న కండువా నడుముకు కట్టుకుని అవతలింటికి నడిచి వెళ్లి, పాడెకు భుజం పట్టాడు. ఏడాదిగా ముఖాలు తిప్పుకున్న మగవాళ్లందరూ కలిసి మాట్లాడుకుంటూ నడిచారు. తిరిగొచ్చి తలస్నానం చేసి, "మంచోడు పాపం" అన్నాడు నాన్న. ఆ మాట తాత బతికుండగా ఒక్కసారి అనుంటే ఏం పోయేదని నాకు నాన్న మీద పుట్టిన కోపం, ఆయన పోయి ఇన్నేళ్లయినా పూర్తిగా పోలేదు.

అప్పుడు వెళ్లాను గోడ దగ్గరికి. మూడో పులి ఉండవలసిన చోట లేదు. తాత ఎప్పుడో తన ఎత్తు వేసేశాడు. పులిని మూలకు తెచ్చి పెట్టాడు. నేను ఒక్క మేకను ఒక్క గీత జరిపితే చాలు, మూడు పులులూ కట్టుబడిపోతాయి. ఒక్క ఆటా వదలని మనిషి ఎందుకలా వేశాడో, ఒంట్లో బాగాలేక చూసుకోలేదో, నన్ను గెలవనిద్దామనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. మరి రాయి ఆయన వైపెందుకుంది?

ఇంట్లోకి వెళ్లి అమ్మను అడిగాను. అమ్మ అన్నం వారుస్తూ, "ఆ తెల్ల రాయా? గోడ మీద వడియాల చాట పెడితే కింద పడిందే. తీసి అవతలి పక్కన పెట్టా. ఏందే, ఏమైంది?" అంది.

ఏమీ లేదన్నాను. తాత ఎత్తు వేసి రాయి నా వైపుకు నెట్టాడు. తిరిగి చూస్తే రాయి తన వైపే ఉంది. ఆడనని నేనే వెనక్కి నెట్టాననుకున్నాడు. ఇష్టం లేదన్నది ఆయనకు కాదు, నాకు. పది పన్నెండు రోజులు నా వంతు నా కోసం కూర్చుని ఉంటే, నేను వసారాలో కూర్చుని ఆయన్ను తిట్టుకున్నాను. ఆయన ఆ మాటే నమ్ముకుని వెళ్లిపోయాడు. ఆ మేకను నేను జరపలేదు. జరిపితే ఆట అయిపోతుంది.

ఇప్పుడక్కడ ఆ గోడ లేదు. సిమెంటు ఇటుకల ప్రహరీ వచ్చింది, దాని మీద గాజు పెంకులు గుచ్చారు. పులిజూదం పలకను వీధిలో మురిక్కాలవ దాటడానికి బోర్లా వేశారు. మొన్న వెళ్లినప్పుడు దాని మీదుగానే నడిచాను. కింద గీతలున్నాయో అరిగిపోయాయో ఎత్తి చూసే ధైర్యం లేకపోయింది. చింతపిక్కలు పోయాయి, అమ్మా నాన్నా పోయారు, గేదెతో పక్కింటికి కబురు చెప్పేవాళ్లూ ఊళ్లో లేరు. నా క్లాసు పిల్లలకు ఆ ఆటల గురించి చెప్పేటప్పుడు చివర ఒక మాట చెబుతాను. అవతలివాళ్లు కదలడం లేదనిపిస్తే, ముందు దగ్గరికి వెళ్లి పావులు చూడండర్రా అంటాను. అది ఆట కిటుకు అనుకుని రాసుకుంటారు.

పలుగురాయి మాత్రం నా దగ్గరే ఉంది, బల్ల మీద, కంప్యూటర్ పక్కన. దుమ్ము దులిపేటప్పుడు పనిమనిషి దాన్ని రోజూ అటు జరుపుతుంది. సాయంత్రం కాలేజీ నుంచి రాగానే, సంచి దించకముందే, నేను దాన్ని మళ్లీ నా వైపుకు పెట్టుకుంటాను.