టీచరమ్మ ఊడదీసిన తలుపు

మా సండేస్కూలు టీచరమ్మ పోయిన వారం వెళ్లిపోయారు. చర్చి బోర్డు మీద ‘ప్రభువునందు నిద్రించిరి’ అని సుద్దతో రాశారు. ఆవిడ కునుకు తీయడం కూడా నేనెప్పుడూ చూడలేదు. 

ఆవిడ ఇల్లు మెట్టుగూడలో. భర్త రైల్వేలో ఫిట్టరు. ఆయన పోయాక పానాలు, స్క్రూడ్రైవర్లు ఉన్న ఆయన పెట్టెను కుట్టుమిషను పక్కనే ఉంచుకున్నారు. ఆదివారాలు మాకు కథలు చెప్పేవారు. ప్రార్థనలో ఎవరైనా కునికితే మొట్టికాయ పడేది. “కండ్లు మూసుకొమ్మన్న గని, చెవులు మూసుకొమ్మన్ననా?” అనేవారు. క్లాసు అయ్యాక మొట్టికాయ తిన్నవాళ్లకు రెండు పిప్పరమెంట్లు.

నాకు పద్నాలుగేళ్లప్పుడు, పరీక్షల కోసం ప్రార్థన చేస్తానని మా పాస్టరు నన్ను వేదిక వెనక గదిలోకి ఒంటరిగా పిలిచి గడియ పెట్టాడు. లోపల జరిగింది ఇక్కడ రాయను. రాయకపోయినా నన్ను నమ్ముతారన్న ధైర్యం నాకు ఇచ్చింది టీచరమ్మే. ఇంట్లో నోరు పెగలక ఆవిడతో చెప్పాను. ఎందుకు వెళ్లావని అడగలేదు. తల నిమిరి, “నీ తప్పు ఏం లేదు బిడ్డా. జెర చాయ్ తాగు. అమ్మతోని నేను మాట్లాడ్త” అన్నారు.

టీచరమ్మ చెప్పగానే చర్చి కమిటీ కూర్చుంది. “బయటికి పోతే సంఘం పరువు పోతది టీచరమ్మా. అందరం కలిసి ప్రార్థన చేద్దాం” అన్నారు కమిటీ పెద్దాయన.

“చేద్దాం. ముందు పోలీస్‌స్టేషన్‌ల ఫిర్యాదు ఇచ్చొచ్చి చేద్దాం.”

“పోనీ, ఆ పిల్లను సుత పిలిచి అడుగుదమా?”

“ఇదేమన్న ఆదివారం సాక్ష్యమా, అందరి ముంగట నిలబడి చెప్పుటానికి? ఒక్కసారి చెప్పింది. చాలు.”

అమ్మనూ నన్నూ స్టేషనుకు తీసుకువెళ్లింది ఆవిడే. కొద్దిరోజులకే పాస్టరు వకీలు నుంచి ఆవిడకూ కమిటీకీ నోటీసులు వచ్చాయి, పరువునష్టం దావా వేస్తామని. కమిటీవాళ్లు భయపడి, ‘పొరపాటున అన్నాను’ అని ఒక్క ముక్క రాసివ్వమని ఆవిడ ఇంటి చుట్టూ తిరిగారు. మా అమ్మకు కూడా భయమేసింది. ఆవిడ ఆ ముక్క రాసి ఉంటే, మా వీధిలో నేను ఈనాటికీ అబద్ధాలకోరునే.

ఆవిడ నవ్వారు. “కోర్టుకు పిలుస్తడా? పిలువనీ. బైబిలు మీద చెయ్యి పెట్టి నిజం చెప్పుడు నాకు కొత్తనా?”

మరుసటి ఆదివారం ఆరాధన కాగానే, ఫిట్టరుగారి స్క్రూడ్రైవరుతో ఆ గది తలుపు ఊడదీశారు.

“ఆ తలుపు చర్చి ఆస్తి!” అని అరిచారు పెద్దాయన.

“ఇది సుత నోటీసుల రాయుమను” అంటూ తలుపును ట్రాలీ ఆటోలో వేయించి, తానూ దాని పక్కనే కూర్చుని, కొంగు తలమీదికి లాక్కుని, పెళ్లికి వెళ్తున్నంత దర్జాగా వెళ్లిపోయారు.

దావా వేయనే లేదు. పాస్టరును పదవి నుంచి తీసేశారు. అతనికి శిక్ష పడేసరికి నా డిగ్రీ అయిపోయింది. పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలనీ, ఫిర్యాదు వస్తే సంఘం బయటివాళ్లు వినాలనీ ఆ కమిటీయే నియమం పెట్టింది. ఆ గదికి మళ్లీ తలుపు పెట్టలేదు. పాత తలుపు ఏదని ఎవరైనా అడిగితే టీచరమ్మ “పనిల ఉన్నది” అనేవారు.

తర్వాత ఎప్పుడు వెళ్లినా మేడమీది పుదీనా ఒక కట్ట నా చేతిలో పెట్టేవారు. మోకాళ్ల నొప్పులతో మూలుగుతూ కూడా నన్ను పైకి పోనిచ్చేవారు కాదు. “నువ్వు కూసో. నేనే తెస్త.” ఎంత మొండి మనిషని పోట్లాడేదాన్ని.

భూస్థాపన అయ్యాక, కుండీలకు ఎవరూ నీళ్లు పోసి ఉండరని గుర్తొచ్చి, మొదటిసారి ఆవిడ మేడ మెట్లు ఎక్కాను. ఇటుకల మీద ఒక పొడవాటి చెక్క, దాని మీద పుదీనా, కొత్తిమీర, గోంగూర. చెక్క అంచున గడియ. చూడగానే గుర్తుపట్టాను. ఎన్ని వానలకు తడిసిందో, తీసి ఉన్నది తీసి ఉన్నట్టే తుప్పుపట్టి బిగుసుకుపోయింది. వేలితో నెట్టి చూశాను. కదల్లేదు.

ఆవిడ నన్నెందుకు పైకి రానివ్వలేదో అప్పుడు తెలిసి, అక్కడే కూర్చుని ఏడ్చాను. ఏడ్చి లేచి పుదీనాకు నీళ్లు పోశాను. కుండీల అడుగునుంచి కారిన నీళ్లు తలుపు మీదుగా పారి, ఆ గడియ మీంచి ఒక్కొక్క చుక్కే జారాయి.