ఆరిన తరువాతి పిస్తా రంగు

ముందు పోయినవి చెప్పుకోవాలి. పన్నెండు కిలోల సున్నం, నాలుగు పొట్లాల పసుపు రంగు పొడి, రెండు పొట్లాల ఆకుపచ్చ, కొత్త కుంచె ఒకటి, రెండు రోజుల కూలీ, జగిత్యాలకూ కోరుట్లకూ మధ్య మూడుసార్ల బస్సు కిరాయి. ఇవన్నీ ఒక హాలులోని అర గోడ మీద పోయాయి.

కోరుట్లలో ఆ ఇల్లు కట్టించుకున్నది ఊరు విడిచి వచ్చిన దొరల కుటుంబం. ఆ రోజుల్లో నక్సలైట్ అన్నల భయానికి ఊళ్లలో పెద్ద ఇళ్లకు తాళాలు పడుతుండేవి, పట్నాల్లో కొత్త ఇళ్లు లేస్తుండేవి. అంతవరకూ మా వైపు లోపలి గోడలంటే తెల్ల సున్నమే, మహా అయితే కాస్త నీలం. పిస్తా రంగు అప్పుడే కొత్తగా వచ్చింది. దొరసాని దాన్ని కరీంనగర్‌లో చుట్టాలింట చూసింది.

"ఊర్ల ఇల్లు ఇడిసిపెట్టి అచ్చినం. గీడన్న చూసినోళ్లు మమ్ముల అయ్యో అనద్దు. హాలు మొత్తం ఒక్కటే రంగుండాలె," అన్నది.

ఇల్లు మొత్తం పని ఒప్పుకోవడం నాకదే మొదటిసారి. అదే వాడలో మరో మూడిళ్ల వాళ్లు ఈ హాలు చూశాకే నన్ను పిలవాలని ఆగి ఉన్నారు. గురువారం గృహప్రవేశం. నేను నాలుగో తరగతి దాటలేదు. లెక్క నేర్చుకున్నది రాయికల్‌లో అమ్మ చుట్టిన బీడీల కట్టలు లెక్కపెట్టే. గోడలు కొలిచాను, తలుపులూ కిటికీలూ లెక్కలోంచి తీసేశాను, పొడి ఎంత పడుతుందో గ్రాములతో సహా వేశాను. కొత్త గోడ పాత గోడకంటే ఎక్కువ తాగుతుందన్నది మాత్రం వేయలేదు. మూడున్నర గోడలకే రంగు అయిపోయింది.

మళ్లీ పోతే జగిత్యాల దుకాణంలో పిస్తా పొడి లేదు. అందరూ అదే అడుగుతున్నారట. పసుపు, ఆకుపచ్చ కొని నేనే కలిపాను. తడి మీద తేడా తెలియలేదు. మర్నాడు పొద్దున చూస్తే ఆ అర గోడ వేరే ఇంటిదిలా ఉంది. గీకి మళ్లీ వేశాను. ఈసారి మరీ తెల్లబారింది.

"గురువారం చుట్టాలస్తరు. చాతకాకుంటె చెప్పు, వేరేటోన్ని పిలుస్త. నిన్ను తిట్టబుద్ధి అయితలేదు," అన్నది దొరసాని. తిట్టినా బాగుండేది.

సిరిసిల్లలో నూలుకు రంగువేసే పెద్దాయన ఒకరున్నారని, ఏ రంగు చూపినా అదే దించుతారని దుకాణదారు చెప్పాడు. సోమవారం సిరిసిల్ల బస్సెక్కాను. దారిలో పోలీసులు బస్సు ఆపి సంచులు విప్పించారు.

"ఊర్లల్ల గోడల మీద నినాదాలు రాసేది నువ్వేనా?" అన్నాడు ఒక పోలీసాయన.

"రాసుడు రాదు సార్, పూసుడే వచ్చు."

ఆయన పొట్లం విప్పి చూశాడు. "పచ్చరంగుతోని రాసే అన్నలు లేరు గని, పో," అన్నాడు.

గోడ నుంచి ఊడదీసి తెచ్చిన పిస్తా పెచ్చును పెద్దాయన వాకిట్లో వెలుతురుకు పట్టి చూశాడు.

"నువ్వెట్ల కలిపినవ్?"

"తడి మీద చూసుకుంట కలిపిన కాకా."

"తడి మీదనా? మా ఇంట్ల ఆడోళ్లు ఇంటె నవ్వుతరు. నూలైనా ఆరినంకనే రంగు సూస్తం. సున్నమైతె ఇంకా మారుతది కొడుకా."

"ఇన్నం, నవ్వుతున్నం," అని లోపలి నుంచి ఒక ఆడగొంతు పలికింది.

ఆయన తన పని ఆపి, పగిలిన గూనపెంకులు ఏరి తెచ్చాడు. ఒక్కో పెంకు మీద ఒక్కో పాళ్లలో కలిపిన రంగు పూయడం, పొయ్యి పక్కన ఆరబెట్టడం, పెచ్చు పక్కన పెట్టి చూడడం. పొద్దు వాలేదాకా నాతోపాటే కూర్చున్నాడు. తొమ్మిదో పెంకు రంగు పెచ్చుతో కలిసింది. డబ్బా సున్నానికి ఒక చెంచా ఆకుపచ్చ, రెండున్నర చెంచాల పసుపు.

ఏమివ్వాలని అడిగాను. "పైసలేంది? మా మగ్గం అర్ర చీకటిగున్నది. పోగు తెగితె కనబడ్తలేదు. నాలుగు గోడలకు తెల్లగ సున్నమేసిపో, చాలు," అన్నాడు. కోరుట్ల పని ముగించి వస్తానని మాటిచ్చాను.

బుధవారం పొద్దున అర గోడ పూశాను. సాయంత్రం దొరసాని గోడ పొడవునా అరచేయి రాస్తూ నడిచింది. "ఏడ అతికినవో నాకైతె దొరుకుతలేదు," అన్నది. ఆ మాట మీద మూడిళ్లూ నాకే వచ్చాయి.

పిస్తా తరువాత గులాబి, లేత ఊదా వచ్చి పోయాయి. ఇప్పుడు బూడిద రంగు, ఒక్క గోడకు మాత్రం ముదురు రంగు. మిషన్లే రంగు కలుపుతున్నాయి. అయినా ఏ కొత్త రంగునైనా పెంకు మీద ఆరబెట్టాకే ఇంటివాళ్లకు చూపిస్తాను. నా పిల్లల చదువులు ఆ పద్ధతి మీదే సాగాయి.

అప్పట్లో ఆ మూడిళ్లూ ముగించి సిరిసిల్ల వెళ్లి మూడు గోడలకు సున్నం వేశాను. నాలుగో గోడకు ఆనించి మగ్గం ఉంది, దాని మీద సగం నేసిన చీర ఉంది. "చీర దిగినంక రా," అన్నాడు పెద్దాయన. తరువాతి నెల బయలుదేరితే బంద్, బస్సులు లేవు. ఆపై వెళ్లేసరికి ఇంటికి తాళం. అందరూ నేతపనికి భివండి పోయారని పక్కింటివాళ్లు చెప్పారు. ఎక్కడున్నారో మళ్లీ తెలియలేదు.

ఆ గోడ పొడవు పన్నెండు అడుగులు, ఎత్తు ఎనిమిది. కిటికీ లేదు, తీసివేత లేదు. రెండు పూతలు. నూట తొంభై రెండు చదరపు అడుగులు నేను ఇంకా బాకీ.