క్వొక్కా సంచి, పెంగ్విన్ పిల్ల గొంతు

నా చిన్నప్పుడు మా అమ్మానాయన బేతంచెర్ల నాపరాయి గనుల్లో పనికి పోతూ తమ్ముణ్ణి వెంట తీసుకుపోయి, నన్ను ఆళ్లగడ్డలో మా అవ్వ దగ్గర వదిలిపెట్టారు. వాడు పాలు తాగే పిల్లాడని, నాకు బడి ఉందని అందరూ చెప్పారు. నేను ఒప్పుకోలేదు. అరవై దాటిన ఈ వయసులోనూ ఒప్పుకోను.

అమ్మ నెలకొకసారి నంద్యాలలో బస్సు మారి వచ్చేది. గని దగ్గర కట్టుకున్నట్టే తమ్ముణ్ణి పాతచీర జోలెలో రొమ్ముకు కట్టుకుని దిగేది. ఆ జోలె చూడగానే నా నోరు మూతపడేది. "ఏందే, కన్నతల్లితో పలకవా? నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్యావా?" అని అవ్వ గద్దించేది.

ఒకరోజు మా టీచరమ్మ రెండు బొమ్మలు చూపించి తేడాలు రాయమంది. ఒకటి క్వొక్కా. కంగారూ జాతిలో పిల్లి అంత జంతువు, పొట్టకున్న సంచిలో పిల్లను మోస్తుంది. రెండోది పెంగ్విన్. పిల్లను ఒడ్డున వదిలి చేపల కోసం సముద్రంలోకి పోతుంది. నేను ఒక్క తేడాయే రాశాను: క్వొక్కా మంచి తల్లి, పెంగ్విన్ చెడ్డ తల్లి.

టీచరమ్మకు మా ఇంటి సంగతి తెలుసు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. సంచిలోని పిల్లను తల్లి వెతుక్కునే పని లేదని, పెంగ్విన్ తిరిగొచ్చేసరికి ఒడ్డున ఒకే తీరు పిల్లలు వేలు ఉంటాయని, తన పిల్ల అరిస్తేనే ఆ గొంతు పట్టుకుని వస్తుందని చెప్పింది. "ఈసారి అమ్మ వస్తే పిలువు పాపా. అంతే చాలు."

ఆ నెలంతా ఆ ఒక్క పిలుపునే మనసులో అనుకుంటూ తిరిగాను. అమ్మ దిగింది. తమ్ముడి ఒంటిమీద నా పావడ గుడ్డతో కుట్టిన చొక్కా. నాకు పొట్టిదైపోయిన పావడే. అయినా నన్ను అడగలేదు. పిలుపు మింగేశాను.

సాయంత్రం బస్టాండులో అమ్మ నా గడ్డం పట్టుకుంది. "సెలవులకు నాతో వస్తావా? ఊ అనవే. బస్సు పోతాంది." నేను నేల చూశాను. "సరేలే. నీకు అవ్వే అమ్మ," అని ఎక్కేసింది.

తర్వాత అమ్మ ఏటా క్రిస్మస్‌కు మాత్రమే వచ్చేది. నేను అవ్వ ఇంట్లోనే పెరిగాను, అక్కడినుంచే పెళ్లయి పోయాను. పోయినేడు అమ్మ శవపేటిక మూసే ముందు తమ్ముడు అమ్మా అని ఏడ్చాడు. నేను నిలబడి చూశాను.

టీచరమ్మ పాఠం అర్థం కాకపోయుంటే ఇన్నేళ్లూ తేలిగ్గా బతికేదాన్ని. అర్థమైంది. అర్థమయ్యీ పిలవలేదు.