కింది వాటా నెట్

ముబీనా విజయవాడ వన్‌టౌన్‌లో ఒక మేడ కింది వాటాలో శుభలేఖలు డిజైన్ చేసేది. 2008లో వైర్‌లెస్ నెట్ పెట్టించుకుంది. రెండు నెలలకే అది బాగా నెమ్మదించింది. ఉయ్యూరు పెళ్లివారికి ఒక్క కార్డు నమూనా మెయిల్ చేయడానికి పూటంతా పట్టింది. రిపేరతను వచ్చి చూసి, పాస్‌వర్డ్ లేదు కాబట్టి ఇంకెవరో కూడా వాడుకుంటున్నారని చెప్పాడు. పెట్టడం నేర్పి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే, పై వాటాలో ఉండే ఇన్సూరెన్సు ఏజెంటు రామ్మూర్తి గారు దిగివచ్చారు.

"ఏమ్మా, నిన్నటి నుంచి నెట్ రావట్లేదు. కంపెనీకి ఫోన్ చేశావా?"

"నాకు వస్తోందండీ. పాస్‌వర్డ్ పెట్టాను."

"మాక్కూడా పెట్టావా?"

కోపం రావలసింది ముబీనాకు. కానీ ఆమెకు మొహమాటం వేసింది. అయినా పాస్‌వర్డ్ చెప్పలేదు.

"మీరూ నెట్ పెట్టించుకోండి. పాస్‌వర్డ్ నేనొచ్చి పెట్టిస్తానండీ," అంది.

వారం తిరక్కుండా ఆయన పెట్టించుకున్నారు. ముబీనా మేడెక్కి, అన్నీ సిద్ధంచేసి, కీబోర్డు ఆయన ముందుకు జరిపి, మర్యాదగా మొహం పక్కకు తిప్పుకుంది. రామ్మూర్తి గారు ఒక్కో అక్షరాన్నీ పైకి చదువుతూ కొట్టారు. చివర్లో ఆగి, "అంతా సరిగ్గా వినపడిందా అమ్మా?" అని అడిగారు.

"వినపడిందండీ," అంది ముబీనా.